గోరీ గోడలు: నాలుగో నెల

జులై రెండో వారం. పర్లాకిమిడిలో నాలుగు రోజులుగా ముసురు. నిన్న రాత్రి మందుల దుకాణం మూసి వచ్చి, బల్ల ముందు కూర్చుని, పాళీ ముంచి మొదటి గీత గీశాను. సిరా అంచులు పాకాయి. వెంట్రుకలా ఉండవలసిన గీత దారమంత లావైంది. మూడు వారాలుగా వేస్తున్న బొమ్మ అది. వెంటనే కలం కింద పెట్టేశాను. చెమ్మ పట్టిన కాగితంతో పోట్లాడితే బొమ్మే పోతుంది.

ఎడ్వర్డ్ గోరీ బొమ్మలు చూసి మార్చిలో ఈ పని మొదలుపెట్టాను. ఆ పేరు తెలుగులో రాసుకున్న రోజు ఒళ్లు జలదరించింది. మనకు గోరీ అంటే సమాధి. సన్నని నల్ల గీతలతో జీవితమంతా చావు చుట్టూ తిరిగిన మనిషికి మన భాషలో అంతగా అతికే పేరు మరొకటి లేదు. ఆయన బొమ్మల్లోని పాత ఇళ్లను, పొడుగు కోట్లను చూస్తే ఎప్పటి ఇంగ్లండు మనిషో అనిపిస్తుంది. కానీ ఆయన 1925లో షికాగోలో పుట్టిన అమెరికా చిత్రకారుడు, 2000లో పోయారు.

ఆయన 1963 నాటి అక్షరమాల పుస్తకంలో ఇరవై ఆరు ఇంగ్లిషు అక్షరాలకు ఇరవై ఆరుగురు పిల్లలు, ఒక్కొక్కరికి ఒక్కో చావు. నెవిల్ అనే పిల్లవాడు విసుగుతో చనిపోతాడు. ఆ బొమ్మలో ఉన్నది పెద్ద కిటికీ, దాని కింది అంచున చిన్న తల, చుక్కల్లాంటి రెండు కళ్లు. అంతే. ఎన్నిసార్లు చూసినా నా గొంతు పట్టేస్తుంది. అదే ఏడాది వచ్చిన మరో పుస్తకంలో ఒక్క మాట కూడా లేదు. ఒక పెద్ద ఇంట్లోని గదులు, ఒకదాని తరవాత ఒకటి. భయమంతా గోడల్లో ఉంటుంది. మనిషి ముఖానికి నాలుగు గీతలు చాలు, వేలకొద్దీ గీతలు గోడకు కావాలి. నాలుగు నెలలుగా నేను నేర్చుకుంటున్నది ఆ గోడ గీయడమే.

ఇప్పుడు సామాను సంగతి. నేను వాడేది క్రోక్విల్ పాళీ, గొట్టంలా ఉండే సన్న రకం. దీనికి పిడి కూడా సన్నదే కావాలి, మామూలు పిడిలో నిలవదు. కొత్త పాళీకి నూనె పూత ఉంటుంది. టూత్‌పేస్టు రాసి తుడిచి కడిగితే తప్ప సిరా అంటదు. ఈ సంగతి తెలియక మొదటి పాళీని పనికిరాదని పారేశాను. సిరా నీటికి చెదరని నల్ల డ్రాయింగ్ ఇంకు. అందులో లక్క ఉంటుంది కాబట్టి ఫౌంటెన్ పెన్నులో పోస్తే గడ్డకట్టి పెన్ను పాడవుతుంది. పది నిమిషాలకోసారి పాళీని నీళ్లలో ఆడించి తుడుస్తాను. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), నున్నటిది. గరుకు కాగితంలో పాళీ మొనకు పీచు తగులుకుని మరక పడుతుంది.

చెమ్మకు మందు నా దుకాణంలోనే దొరికింది. మాత్రల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నలభై దాకా పోగుచేసి, బిస్కట్ల రేకు డబ్బాలో కాగితాలతో కలిపి మూతపెట్టాను. ఒక రాత్రి ఉంచితే సిరా పాకడం ఆగిపోయింది. గీసేటప్పుడు చెయ్యి ఆనే చోట వేరే కాగితం ముక్క వేసుకోవడం తప్పనిసరి, చెమట కూడా చెమ్మే.

గీతలకు గీతలు అడ్డంగా వేసి నీడ తెప్పించడంలో మొదటి రెండు నెలలూ ఒకే తప్పు చేశాను. రెండో పొరను మొదటి గీతలకు సరిగ్గా లంబంగా వేసేదాన్ని. అలా వేస్తే చేపల వలలా గళ్లు పైకి కనిపిస్తాయి. కాస్త ఏటవాలుగా, ముప్పై డిగ్రీల లోపు వేస్తే గీతలు కలిసిపోయి చీకటి మెత్తగా దిగుతుంది. పాళీని ఎప్పుడూ మన వైపుకే లాగాలి, ముందుకు నెడితే మొన చీలి సిరా చిమ్ముతుంది. అందుకే మణికట్టు తిప్పకుండా కాగితాన్నే తిప్పుతాను. పొరకూ పొరకూ మధ్య ఎండాకాలంలో ఐదు నిమిషాలు ఆరనిస్తే చాలు, ఇప్పుడు అరగంట కావాలి.

గోరీ అచ్చయ్యే కొలతకే గీసేవారు. పెద్దగా గీసి తగ్గించే సౌకర్యాన్ని ఆయన వాడుకోలేదు. అది తెలిశాక నేనూ పెద్ద కాగితం మానేసి నాలుగంగుళాల వెడల్పు, ఐదంగుళాల ఎత్తుకు వచ్చాను. ఇక తప్పు దాచుకునే చోటు లేదు.

ఏప్రిల్‌లో పెళ్లికి గుణుపురం వైపు వెళ్లినప్పుడు ఒక సవర ఇంట్లో ఇడితాల్ చూశాను. ఎర్రమట్టి గోడ మీద తెల్లటి గీతలతో పితృదేవతల కోసం వేసే బొమ్మ. అడిగి దగ్గరికి వెళ్లాను, ఫొటో తీయలేదు. చుట్టూ అంచు కట్టి, లోపల చిన్న చిన్న మనుషులు. చనిపోయినవాళ్లకు గోడ మీద చోటివ్వడం ఈ కొండల్లో ఎంత పాత పనో అక్కడ అర్థమైంది. తిరిగి వచ్చాక నా బొమ్మలో మనుషుల కొలత సగానికి తగ్గించాను.

ప్రస్తుత బొమ్మ మా మామ్మ ఇంటి పెరటి నుయ్యి. మొదటిసారి ఒరను పట్టుకున్న పిల్ల చెయ్యి గీశాను. అరిచినట్టుంది, చింపేశాను. రెండోసారి చెయ్యి లేదు. గిలక, బిగిసిన చేంతాడు, ఒర పక్కన పొందికగా విడిచిన చిన్న చెప్పుల జత. మా అన్నయ్య కూతురికి ఎనిమిదేళ్లు. చాలాసేపు చూసి, "అత్తా, చెప్పులకు ఎర్ర రంగు వెయ్యవా?" అంది. పిల్ల కన్ను సరైన చోటే ఆగింది. 1977లో డ్రాక్యులా నాటకానికి గోరీ వేసిన నలుపు తెలుపు రంగస్థలంలోనూ ప్రతి దృశ్యానికి ఒక్క ఎర్ర చుక్క ఉండేది. రెండు రోజులు ఆలోచించి, చెప్పులను తెల్లగానే వదిలేశాను. ఆ నలుపు మధ్య తెలుపే ఎక్కువ ఒంటరిగా ఉంది.

ఇప్పటికి పందొమ్మిది గంటల పని అయింది. ఒర రాళ్లు పూర్తయ్యాయి, వెనక గోడ రెండు పొరలు పడింది. నిన్న పాకిన గీత ఆ గోడ మీదే ఉంది. పక్కన నాచు చారలు వేసి కలిపేయాలి. నూతి లోపలి చీకటి ఇంకా పలచగా ఉంది. కుంచెతో నింపితే సిరా మరకలా కనిపిస్తుంది కాబట్టి గీతలతోనే దించాలి. మూడో పొర ఆదివారం, వాన తెరిపి ఇస్తే.