దగ్గర్లో లాయర్ కోసం వెతికేవాళ్లకు మా ఆఫీసు కనిపించేదాకా

మా ఆఫీసులో లాయర్లం ముగ్గురం. మేడమ్ సీనియర్, ఆస్తి తగాదాలు, వీలునామాలు ఆవిడ చూస్తారు. విడాకులు, భరణం, పిల్లల కస్టడీ లాంటి కుటుంబ కేసులు నావి. ఉద్యోగ వివాదాలు మా మూడో లాయర్ చూస్తారు. ఏళ్ల తరబడి మా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది పాత క్లయింట్లు చెప్పి పంపినవాళ్లే. అలా వచ్చేవాళ్లు కూడా ఇప్పుడు ఫోన్ చేసే ముందు మా పేరు గూగుల్‌లో కొట్టి చూస్తున్నారు. ఒకావిడ ఆ మాట నాతో నేరుగానే అన్నారు: "మీ పేరు మా అక్క చెప్పింది. వెతికితే వచ్చిన నంబర్ పనిచెయ్యలేదు. ఆఫీసు ఎత్తేశారేమో అనుకున్నాను." విడాకుల గురించి అడగడానికి మనసు గట్టి చేసుకుని ఫోన్ తీసిన మనిషికి అలా జరగడం నాకు చాలా బాధనిపించింది. మేడమ్‌తో మాట్లాడి, లోకల్ ఎస్ఈఓ పని, అంటే దగ్గర్లో వెతికేవాళ్లకు గూగుల్‌లో మా ఆఫీసు కనిపించేలా చేసే పని, నా మీద వేసుకున్నాను.

ముందు ఇదేంటో అర్థం చేసుకోవాలి. ఎవరైనా "దగ్గర్లో విడాకుల లాయర్" అని వెతికితే, మామూలు ఫలితాల కంటే పైన ఒక మ్యాపు, దాని కింద మూడు ఆఫీసుల పేర్లు వస్తాయి. దాన్ని లోకల్ ప్యాక్ అంటారు. 2015 ఆగస్టు దాకా అందులో ఏడు పేర్లు వచ్చేవి, ఆ తర్వాత మూడే. ఆ మూడింటిలో ఎవరుండాలో తేల్చేది ప్రధానంగా మూడు విషయాలని గూగుల్ తన సహాయ పేజీలోనే రాసింది: వెతికిన పనికి మన పని ఎంత సరిపోతుంది, వెతికే మనిషికి మనం ఎంత దూరంలో ఉన్నాం, మన గురించి బయట ఎంత తెలుసు. డబ్బు కట్టి ఆ స్థానం పెంచుకునే దారి లేదని కూడా అక్కడే ఉంది. అందుకే "మొదటి స్థానం గ్యారంటీ" అంటూ ఫోన్ చేసిన ఒక ఏజెన్సీకి అప్పుడే వద్దని చెప్పేశాను. దూరం సంగతి మన చేతుల్లో లేదు. మా గదిలో కూర్చుని వెతికితే మేమే ముందు వస్తాం, నాలుగు వీధులు దాటితే ఇంకొకరు వస్తారు. కాబట్టి "మన ర్యాంకు ఎంత" అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. ఎక్కడ నిలబడి వెతికారన్నది కూడా చెబితేనే దానికి అర్థం.

అసలు పని గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో, అంటే గూగుల్ సెర్చ్‌లో, మ్యాపులో మన ఆఫీసు వివరాలు చూపించే పేజీతో మొదలైంది. 2021 దాకా దీన్నే గూగుల్ మై బిజినెస్ అనేవారు. ఇది ఉచితం. మేం ఎవరం పెట్టకపోయినా మా పేరుతో ఒక లిస్టింగ్ మ్యాపులో అప్పటికే ఉంది. అందులో ఉన్నది ఎప్పుడో తీసేయించిన ల్యాండ్‌లైన్ నంబర్. కొత్తది ఇంకొకటి పెట్టకుండా ఉన్నదాన్నే మాదని క్లెయిమ్ చేశాను. ఒకే ఆఫీసుకు రెండు లిస్టింగులుంటే రివ్యూలు చెరో చోట పడతాయి, చూసేవాళ్లకూ ఏది నిజమో తెలియదు. మాకు ముందు అదే అంతస్తులో ఉండి ఖాళీ చేసిన ఇంకో ఆఫీసు కూడా మా అడ్రసులోనే కనిపిస్తోంది. అది మూతపడిందని మ్యాపులో సవరణ పంపాను.

తర్వాత వెరిఫికేషన్. మాకు వీడియో అడిగారు. ఆపకుండా, కోతలు లేకుండా ఒకే షాట్‌లో మూడు విషయాలు కనపడాలి: ఆఫీసు ఎక్కడుందో, అది నిజంగా ఉందో, దాన్ని నడిపేది మనమేనో. వీధి పేరు బోర్డు దగ్గర మొదలుపెట్టి, పక్క భవనాన్ని చూపించి, గుమ్మం మీది నేమ్‌ప్లేటు దగ్గర కాసేపు ఆగి, తాళం తీసి లోపలికి వెళ్లాలని అనుకున్నాను. అయితే లాయర్ ఆఫీసు అనేసరికి ఒక చిక్కుంది. మా బీరువాలో ప్రతి ఫైలు అట్ట మీదా క్లయింట్ పేరు, అవతలి పార్టీ పేరు పెద్ద అక్షరాలతో ఉంటాయి. బల్ల మీద డ్రాఫ్టులు, గోడ మీద వాయిదాల క్యాలెండర్, అందులో కూడా పేర్లే. అందుకని ముందు రోజు సాయంత్రం మా గుమాస్తా, నేను కలిసి ఫైళ్లన్నీ లోపలి గదిలోకి మార్చాం, క్యాలెండర్ దించాం, కంప్యూటర్ తెరలు ఆపేశాం. పొద్దున క్లయింట్లు రాకముందే, మనుషుల ముఖాలు పడకుండా వీడియో తీశాను. తాళం తియ్యడం, ఖాళీ లెటర్‌హెడ్, లాయర్లకే తెరుచుకునే లోపలి గది, ఇవి చాలు నడిపేది మనమే అని చూపించడానికి. వేరే వ్యాపారాలవాళ్లు అయిదు నిమిషాల్లో ముగించే పని ఇది. మనకు మాత్రం గోప్యత ముందు, వీడియో తర్వాత.

పేరు దగ్గర చాలామంది తెలిసే గీత దాటుతున్నారు. ఆఫీసు పేరు పక్కన "బెస్ట్ డివోర్స్ లాయర్" అని తగిలించమని నాకూ సలహా వచ్చింది. బోర్డు మీద, లెటర్‌హెడ్ మీద ఏ పేరుందో అదే పెట్టాలన్నది నియమం. తోకలు తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. సస్పెండ్ అయితే అప్పీలు చేసుకోవచ్చు గానీ, ఆధారాల ఫారం తెరిచాక వాటిని పెట్టడానికి ఇచ్చేది 60 నిమిషాలే. అందుకే రిజిస్ట్రేషన్ కాగితం, కరెంటు బిల్లు, బోర్డు ఫొటో ఒక ఫోల్డర్‌లో సిద్ధంగా ఉంచాను.

కేటగిరీ మీద మాత్రం బాగా సమయం పెట్టాను, పెట్టాలి కూడా. ఒక ప్రధాన కేటగిరీ, దానికి తోడు తొమ్మిది దాకా అదనపువి పెట్టుకోవచ్చు. వెతికిన పనికి మనం సరిపోతామా అన్నది తేల్చడంలో ప్రధాన కేటగిరీకి బరువెక్కువ. ఆఫీసుకు "లా ఫర్మ్" అని పెట్టి, అదనంగా మేం నిజంగా చేసే మూడు రకాల పనులే చేర్చాం. క్రిమినల్ కేసులు మేం తీసుకోం కాబట్టి ఆ కేటగిరీ జోలికి పోలేదు. ఇంకో సంగతి: ప్రజలను నేరుగా కలిసే లాయర్‌కు ఆఫీసు లిస్టింగ్ కాకుండా సొంత లిస్టింగ్ కూడా ఉండొచ్చు, అందులో లాయర్ పేరు ఒక్కటే ఉండాలి. మా మూడో లాయర్‌కు అలాంటిది అప్పటికే ఉంది. అందులోని రివ్యూలు ఆయనవి. రేపు ఆయన వేరే చోటికి వెళితే వాటితోనే వెళతారు. ఈ మాట ముందే ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. చిన్న ఆఫీసుల్లో ఇలాంటివి తర్వాత మనస్పర్థలకు దారితీస్తాయి.

పేరు, అడ్రసు, ఫోన్ నంబర్ అన్ని చోట్లా ఒకేలా ఉండేలా చూడటం విసుగు పుట్టించే పని. లాయర్ల డైరెక్టరీలు, ఫేస్‌బుక్ పేజీ, బింగ్ ప్లేసెస్, 2023లో వచ్చిన ఆపిల్ బిజినెస్ కనెక్ట్, ఒక్కోటీ తెరిచి సరిచేసుకుంటూ పోయాను. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

వెబ్‌సైట్ మాత్రం పూర్తిగా తిరగరాశాం. ముందున్న దాంట్లో "సేవలు" అని ఒకే పేజీ, అందులో చట్టాల పేర్ల చిట్టా. ఆ పేర్లతో ఎవరూ వెతకరు. మా రిసెప్షన్‌లో ఉండే అమ్మాయికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఫోన్ చేసినవాళ్లు మొదట ఏ మాట అంటారో ఆ మాటే రాయమన్నాను. పేర్లు వద్దు, మాటలు చాలు అని గట్టిగా చెప్పాను. "పిల్లాణ్ని చూడనివ్వట్లేదండీ", "ఇల్లు అన్నదమ్ముల పేరు మీద ఉంది", "నోటీసు లేకుండా ఉద్యోగంలోంచి తీసేశారు". ఒక్కో సమస్యకు ఒక్కో పేజీ ఆ మాటల్లోంచే పుట్టింది. మొదటి మీటింగుకు ఏ కాగితాలు తేవాలి, ఏం అడుగుతాం, సుమారుగా ఏ దశలు ఉంటాయి అన్నవి రాసి, రాసిన లాయర్ పేరు, అర్హతలు కింద పెట్టాం. మనుషుల డబ్బు, జీవితాల మీద ప్రభావం చూపే విషయాల్లో నమ్మకాన్ని గూగుల్ ఇంకా గట్టిగా చూస్తుంది. ఎవరు రాశారో తెలియని న్యాయ సలహాను నేనైనా నమ్మను. ఇక సైట్ కోడ్‌లో పెట్టే స్కీమాకు, అంటే ఇది ఏ రకం ఆఫీసో సెర్చ్ ఇంజన్లకు చెప్పే గుర్తులకు, "లీగల్ సర్వీస్" రకం వాడాం. "అటార్నీ" అనే పాత రకం కొన్ని గైడుల్లో ఇంకా కనిపిస్తుంది గానీ, ఆ రకాల జాబితా పెట్టే స్కీమా డాట్ ఆర్గ్ దాన్ని పక్కన పెట్టేసింది.

ఊరి పేరొక్కటే మార్చి, మిగతాదంతా ఒకేలా ఉండే పేజీలు పదుల కొద్దీ పెట్టమని ఒకరు చెప్పారు. అలాంటివాటిని డోర్‌వే పేజీలంటారు, గూగుల్ స్పామ్ విధానాల్లో వాటి పేరు ప్రత్యేకంగా ఉంది. చదివే మనిషికి వాటివల్ల ఒరిగేదేం లేదు కూడా. పెట్టలేదు.

రివ్యూల దగ్గరకొచ్చేసరికి లాయర్ వృత్తికీ మిగతా వ్యాపారాలకూ తేడా బాగా తెలుస్తుంది. బహుమతులిచ్చి రివ్యూలు రాయించుకోవడం, సంతోషంగా ఉన్నవాళ్లనే ఏరి అడగడం రెండూ గూగుల్ నియమాలకు విరుద్ధం. ఇవి అందరికీ వర్తిస్తాయి. మన దగ్గర ఇంకో మాట ఉంది: కుటుంబ కేసుల లాయర్‌కు రివ్యూ రాయడమంటే క్లయింట్ తన ఇంటి గొడవను సొంత పేరుతో బయటపెట్టుకోవడమే. అందుకని విడాకుల కేసుల్లో నేను ఎవరినీ మెసేజ్ పెట్టి అడగను. వీలునామా పని పూర్తయినవాళ్లను మేడమ్ అడుగుతారు, అందులో ఇబ్బంది తక్కువ. రివ్యూలు మెల్లగానే వస్తాయి, రానివ్వండి.

ఒకసారి ఒక్క నక్షత్రంతో రివ్యూ పడింది. ఆ మనిషి ఎవరో, కేసులో ఏం జరిగిందో మాకు బాగా తెలుసు. రాసినదానిలో సగం నిజం కాదు. మా మూడో లాయర్‌కు కోపమొచ్చి జరిగిందంతా వరుసగా టైప్ చేశారు. మేడమ్ అది చదివి, "ఆయన మన క్లయింట్ అని ఒప్పుకున్నా రహస్యం చెప్పినట్టే" అన్నారు. అమెరికా లాయర్ల సంఘం అమెరికన్ బార్ అసోసియేషన్ వృత్తి నియమాల మీద 2021 జనవరిలో ఇచ్చిన 496వ అభిప్రాయం సరిగ్గా ఇదే చెబుతుంది: ఆన్‌లైన్‌లో ఎవరో విమర్శించినంత మాత్రాన క్లయింట్ వివరాలు బయటపెట్టే హక్కు లాయర్‌కు రాదు. చివరికి మేం పెట్టిన జవాబు ఇంతే: "వృత్తి నియమాల ప్రకారం ఎవరి విషయమూ ఇక్కడ చర్చించలేం. ఏ ఇబ్బంది ఉన్నా ఆఫీసుకు ఫోన్ చేస్తే మేడమ్ స్వయంగా మాట్లాడతారు." ఆ జవాబు అసలు ఆ మనిషి కోసం రాసింది కాదు. రేపు లాయర్ కోసం వెతుకుతూ అది చదివేవాళ్ల కోసం. తమ సంగతి కూడా ఇలాగే దాచిపెడతారని వాళ్లకు అర్థమవుతుంది.

ప్రకటనల నియమాలు కూడా చూసుకున్నాకే అడుగు వెయ్యాలి. లాయర్ల ప్రకటనల గురించి ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. అమెరికాలో 1977 నాటి సుప్రీంకోర్టు బేట్స్ తీర్పుతో లాయర్ల ప్రకటనలకు దారి తెరుచుకుంది, అయినా తప్పుదారి పట్టించేలా రాయకూడదు. భారత బార్ కౌన్సిల్ 36వ నిబంధన ప్రచారం చేసుకోవడాన్నే నిషేధిస్తుంది. 2008 సవరణతో వెబ్‌సైట్‌లో నిర్ణయించిన వివరాలు పెట్టుకునే వీలు మాత్రం వచ్చింది. మీకు వర్తించే నియమం మూలపాఠాన్నే చదవండి, ఎస్ఈఓ చేసేవాళ్ల మాట మీద ఆధారపడొద్దు. లైసెన్సు వాళ్లది కాదు, మనది. మా సైట్‌లో ప్రతి వాక్యం మేడమ్ సంతకం పెట్టాకే పైకి వెళుతుంది.

ఫలితం చూడటానికి ప్రొఫైల్‌లో వచ్చే లెక్కలున్నాయి: ఎంతమంది కాల్ బటన్ నొక్కారు, దారి అడిగారు, సైట్‌లోకి వచ్చారు, ఏ మాటలతో వెతికారు. ప్రొఫైల్‌లోని సైట్ లింకుకు యూటీఎమ్ ట్యాగ్ (ఎక్కడినుంచి వచ్చారో చెప్పే చిన్న గుర్తు) తగిలించాను, లేకపోతే అక్కడినుంచి వచ్చినవాళ్లు మామూలు సెర్చ్‌లో కలిసిపోతారు. వీటన్నిటికంటే నేను నమ్మేది రిసెప్షన్ నోటుపుస్తకాన్నే. అందులో మొదట్లో "మీరు క్రిమినల్ కేసులు చూస్తారా" అనే ఫోన్లు తెగ ఉండేవి. కేటగిరీలు, పేజీలు సరిచేశాక అవి బాగా తగ్గాయి. మేం చెయ్యగలిగిన పని కోసం చేసేవాళ్లు పెరిగారు. వాళ్లు ఏ కాగితాలు తేవాలో ముందే చదువుకుని వస్తున్నారు, దాంతో మొదటి మీటింగులో అసలు సమస్య మాట్లాడటానికి సమయం దొరుకుతోంది. లోకల్ ప్యాక్‌లో మా చుట్టుపక్కల వెతికితే ఎక్కువసార్లు కనిపిస్తున్నాం, దూరం వెళ్లేకొద్దీ కనిపించం.

ఆ దూరం కోసమే మేడమ్ ఇప్పుడు ఇంకో చోట చిన్న ఆఫీసు తెరుద్దామంటున్నారు. అడ్రసు మాత్రం అద్దెకిచ్చే వర్చువల్ ఆఫీసు చాలు కదా అని ఒకరు అన్నారు. పనివేళల్లో మన మనిషి అక్కడ ఉండకపోతే అలాంటి చోటుకు ప్రొఫైల్ పెట్టడానికి నియమాలు ఒప్పుకోవు. బోర్డు తగిలించి, వారంలో ఏ రోజుల్లో ఎవరు కూర్చుంటారో తేలాక, ఆ రోజుల పనివేళలతోనే లిస్టింగ్ పెడదామన్నాను. ప్రస్తుతం మేడమ్, నేను కోర్టు డ్యూటీలు చూసుకుని ఆ రోజులు పంచుకుంటున్నాం.