మిర్చి బస్తాలు, నాన్న మూలకణాలు

2020 ఏప్రిల్ 14న నాన్నని హైదరాబాద్ ఆస్పత్రిలో చేర్చాలి. మల్టిపుల్ మైలోమా, ఎముక మజ్జలో వచ్చే ఒక రకం క్యాన్సర్. నాలుగు నెలల మందులతో జబ్బు అదుపులోకి వచ్చింది. ఇక రక్తాన్ని తయారుచేసే ఆయన మూలకణాలే తీసి దాచి, పెద్ద డోసు కీమో ఇచ్చి, వాటిని తిరిగి ఆయనకే ఎక్కించాలి. మార్చి 25న లాక్‌డౌన్ వచ్చిపడింది. ఆస్పత్రి వాళ్లు ఫోన్ కూడా చేయలేదు. మేం చేస్తే చెప్పారు, వాయిదా అని.

ఒళ్లు మండింది. అక్కడే లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న ఓ కుర్రాడికి వాళ్ల అన్న మూలకణాలతో మార్పిడి జరుగుతోందని తెలిసి ఇంకా మండింది. డాక్టరుగారు విసుక్కోకుండా చెప్పారు: "ఆ అబ్బాయికి ఆపితే జబ్బు తిరగబెడుతుందమ్మా. మీ నాన్నగారిని మందులతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. కీమో తర్వాత తెల్లకణాలు దాదాపు ఉండవు. అప్పుడు కరోనా అంటుకుంటే?"

తర్వాత చదివితే తెలిసింది, చాలా దేశాల్లో ఇదే లెక్క వేసుకున్నారని. యూరప్‌లో 2020లో మార్పిడులు అంతకుముందు ఏడాది కంటే 6.5 శాతం తగ్గాయి. దాతల కణాలతో చేసేవి 5.1 శాతం, నాన్నలా సొంత కణాలతో చేసేవి 7.5 శాతం. ఆగగలిగినవాళ్లని ఆపారన్నమాట. అమెరికాలోనైతే దాత కణాలు ముందే తెప్పించి, గడ్డకట్టించి పెట్టుకున్నాకే రోగికి కీమో మొదలుపెట్టాలన్నారు. విమానాలు ఎప్పుడు ఆగిపోతాయో తెలియని రోజులు మరి.

ఆగడం కూడా ఊరికే కాదు. వారం వారం నరసరావుపేటలో పొట్ట మీద ఇంజెక్షన్, ఇంట్లో మాత్రలు. ఆ మాత్రలు ఎక్కువ నెలలు వాడితే తర్వాత కణాలు సరిగ్గా దొరకవట. నెలలు గడిచేకొద్దీ నా టెన్షన్ అంతా అదే. జులైలో చూపించడానికి బయల్దేరితే, ఈ-పాస్ ఉన్నా పొందుగుల చెక్‌పోస్టు దగ్గర రెండు గంటలు ఎండలో నిలబెట్టారు.

నవంబరులో పిలిచారు. ఒక్కరే తోడుండాలి, అదీ కరోనా టెస్టు చేయించుకున్నాకే. అమ్మ పేటలోనే ఉండిపోయింది. మొదటిరోజు రక్తంలోంచి మూలకణాలు వేరుచేసే మెషీన్ మీద నాలుగు గంటలు కూర్చోబెట్టినా కణాలు చాల్లేదు. రెండోరోజు సరిపోయాయి. వాటిని దాచడమంటే ద్రవ నైట్రోజన్ డబ్బాలు, పొగలు ఊహించుకున్నాను నేను. తీరా చూస్తే ఫ్రిజ్! రెండు మూడు రోజుల్లోనే ఎక్కించేస్తారు కాబట్టి 4 డిగ్రీల్లో ఉంచితే చాలట. ముప్పై ఏళ్లు మిర్చి పండించిన మా నాన్న నర్సమ్మని అడిగాడు: "గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మా బస్తాలు పెట్టినట్టేనా అమ్మా?" ఆవిడకి అర్థం కాలేదు, నాకు మాత్రం నవ్వాగలేదు.

కీమో ఎక్కుతున్నంతసేపూ నోరు పూయకుండా ఐసు ముక్కలు చప్పరించాడు. కణాలు ఎక్కించిన ఏడోరోజుకి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. కాలేజీలు మూతపడి రక్తదాన శిబిరాలే లేవు. బ్లడ్ బ్యాంకు వాళ్లు మనిషిని తెచ్చుకోమన్నారు. నలుగురిని అడిగాను. ఒకడికి పాజిటివ్, ఇద్దరికి ఆస్పత్రి అంటే భయం. నాలుగోవాడు, మా మిర్చి కమిషన్ వ్యాపారి గారి అబ్బాయి, కూకట్‌పల్లి నుంచి బండి మీద వచ్చాడు. గంటన్నర పడుకుని ఇచ్చాడు. వెళ్తూ, "అక్కా, మాస్కు తడిసిపోయింది, ఇంకోటుంటే ఇస్తావా" అన్నాడు.