పాడుచేసిన వాళ్లతోనే చెరువు బాగుచేయించాలని ట్రిబ్యునల్‌కు వెళ్లాం

చెరువు పాడైందని నిరూపించడం కష్టమేమీ కాదు, ముక్కున్న ఎవరికైనా తెలుస్తుంది. ఫలానా కర్మాగారం గేటు నుంచి వచ్చిన నీళ్ల వల్లే పాడైందని కాగితం మీద చూపించడంలోనే మా ఓపికంతా కరిగిపోయింది.

ఎగువన రసాయన కర్మాగారాలు ఉన్నాయి. గట్టి వాన పడ్డ రాత్రి వాగులోకి వ్యర్థజలాలు వదులుతారు. తెల్లవారేసరికి చెరువులో చేపలు తేలతాయి. వాననీటిలో ఆనవాలు మిగలదని వాళ్ల ధీమా. మత్స్యకారుల సంఘం, ఆయకట్టు రైతులు, నేను కలిసి ముందు అధికారులకు ఫిర్యాదు చేశాం. నమూనా సీసాలు వచ్చేసరికి వాగు ఏమీ ఎరగనట్టు పారుతుండేది.

అప్పుడు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ఆ కర్మాగారాల అనుమతి పత్రాలు, పాత తనిఖీ నివేదికలు అడిగాం. అసలు బలం అక్కడే దొరికింది. వ్యర్థజలం ఒక్క చుక్క కూడా ఆవరణ దాటకూడదన్నది అనుమతిలోని షరతు. ఇక పరిమితికి లోబడే వదిలామనే వాదనకు చోటే లేదు.

జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లో రెండు దారులున్నాయి. సెక్షన్ 14 కింద పర్యావరణ వివాదం తేల్చమని అడగాలంటే కారణం తలెత్తిన ఆరు నెలల్లో వెళ్లాలి. సెక్షన్ 15 కింద పరిహారానికి, దెబ్బతిన్న చోటును పునరుద్ధరించమని అడగడానికి ఐదేళ్ల గడువు. మేం రెండో దారి పట్టాం. పరిహారం కోరితే కోరిన మొత్తంలో ఒక శాతం రుసుము కట్టాలి, కోరకపోతే వెయ్యి రూపాయలే. మాకు కావాల్సింది చెరువు కాబట్టి పునరుద్ధరణ ఒక్కటే అడిగాం. తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం చూస్తుంది.

ట్రిబ్యునల్ వేసిన సంయుక్త కమిటీ నమూనాలు తీసిన రోజు గట్టు దిగకుండా నిలబడ్డాం. వాగు కలిసే చోట ఒకటి, దానికి ఎగువన ఒకటి, అలుగు దగ్గర ఒకటి. కరిగిన ఆక్సిజన్ సీసాలో అక్కడికక్కడే రసాయనం కలిపి, మూత బిగించి, సీలు వేసి, అందరి సంతకాలు తీసుకున్నారు.

అయినా కంపెనీల లాయరు ఊరి మురుగు మీదకు నెట్టాడు. దానికి జవాబు నివేదికలోనే ఉంది. నీటిలోని సరుకంతటినీ రసాయనంతో విరగ్గొట్టడానికి పట్టే ఆక్సిజన్ సీఓడీ, అందులో సూక్ష్మజీవులు అరిగించుకునే భాగానికి పట్టేది బీఓడీ. ఇళ్ల మురుగులో సీఓడీ సాధారణంగా బీఓడీకి రెండు రెట్ల చుట్టూ ఉంటుంది. మా వాగు నీటిలో అంతకు ఎన్నో రెట్లుంది. సూక్ష్మజీవులు అరిగించుకోలేని సరుకు వంటింటి నుంచి రాదు కదా!

తర్వాత జరిమానా లెక్క. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రం ప్రకారం రెడ్ కేటగిరీ, అంటే కాలుష్యం ఎక్కువగా చేసే కోవలోని మధ్యతరహా పరిశ్రమకు కాలుష్య సూచిక 80ని 250 రూపాయలతో గుణిస్తే రోజుకు 20 వేల రూపాయలు. జనాభా ఎక్కువున్న చోట ఇంకా పెరుగుతుంది. గొడవంతా ఎన్ని రోజులన్న దాని మీదే. నమూనా తీసిన ఒక్కరోజే లెక్కలోకి రావాలని వాళ్లు, చేపలు చచ్చిన ప్రతిసారీ సంఘం రిజిస్టరులో రాసుకున్న తేదీలన్నీ చూడాలని మేము.

ఆ జరిమానాతోనే పని అయిపోయిందనుకునే వాళ్లంటే నాకు చిరాకు. ఆ డబ్బు ఖాతాలో పడుతుంది, చెరువు అలాగే ఉంటుంది. రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీ గ్రామం కేసులో కాలుష్యం చేసినవారే బాగుచేత ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. 2011లో కూడా అదే కోర్టు 37 కోట్ల రూపాయలకు పైగా వడ్డీతో సహా కట్టమని మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. అందుకే పునరుద్ధరణ ప్రణాళిక, గడువు, డిపాజిట్ విడివిడిగా ఆదేశంలో ఉండాలని పట్టుబట్టాం.

అడుగున పేరుకున్న బురద అసలు తలనొప్పి. మామూలు చెరువైతే పూడికమట్టిని రైతులు ఎగబడి పొలాలకు తోలుకుంటారు. దీంట్లో భారలోహాలు తేలాయి కాబట్టి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పంపాలి. ఆ ఖర్చులో ఎవరి వాటా ఎంతో కంపెనీలు ఇప్పటికీ కొట్టుకుంటున్నాయి. డిపాజిట్ చేసిన మొదటి విడత డబ్బుతో వాగు కలిసే చోట పూడికతీత మొదలైంది. లారీ కదిలే ముందు బరువు చీటీ, రవాణా పత్రం రెండూ సరిచూసి నంబరు రాసుకునే పని సంఘం కుర్రాళ్లు తీసుకున్నారు.