సగం మోతాదుతో మొదలైన నాన్న కీమో

పెద్దపేగు క్యాన్సర్‌కి నాన్నకి ఆపరేషన్ అయ్యాక, లింఫ్ గ్రంథులకు కూడా పాకిందని బయాప్సీ రిపోర్టులో వచ్చింది. మూడో స్టేజి, కీమో తప్పదన్నారు. మూడు వారాలకోసారి నరంలోకి డ్రిప్‌గా ఆక్సాలిప్లాటిన్, రెండు వారాలు కాపెసిటాబిన్ మాత్రలు, ఒక వారం విరామం. అయితే మొదలుపెట్టే ముందు డాక్టరు గారు ఇంకో రక్తపరీక్ష రాశారు: డీపీవైడీ జీన్ టెస్ట్.

గాయం మానినా కీమో మొదలవ్వలేదని ఇంట్లో అందరికీ టెన్షన్. రిపోర్టు రానిదే మాత్ర వేయనివ్వనన్నారాయన. కాపెసిటాబిన్ ఒంట్లో 5-ఎఫ్‌యూ అనే మందుగా మారుతుంది. అందులో 80 శాతానికి పైగా విరగ్గొట్టేది ప్రధానంగా కాలేయంలో ఉండే డీపీడీ అనే ఎంజైమ్. దాన్ని తయారుచేసే డీపీవైడీ జీన్‌లో పుట్టుకతోనే తేడా ఉంటే మందు పేరుకుపోతుంది. నోటినిండా పుళ్ళు, ఆగని విరేచనాలు, తెల్లరక్తకణాలు పడిపోవడం... ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. యూరప్‌లో 2020 నుంచి ముందే ఈ పరీక్ష చేయమంటున్నారు. మన దగ్గర కూడా ఈ మందు వేసుకోవాల్సిన ప్రతివాళ్ళూ దీని గురించి డాక్టరును అడగాలని నా గట్టి అభిప్రాయం.

నాన్న రిపోర్టులో ఆ జీన్ రెండు ప్రతుల్లో ఒకదానిలో తేడా ఉందని తేలింది. మామూలుగా ఆయన బరువుకీ ఎత్తుకీ పొద్దున మూడు, రాత్రి మూడు మాత్రలు వేయాలి. పొద్దున ఒకటి, రాత్రి రెండు చాలన్నారు.

“సగం మందేస్తే జబ్బు కూడా సగమే తగ్గుతుంది కదండీ?” అని అడిగారు నాన్న. నా భయం కూడా అదే.

“చెరువు తూము సగం పూడిపోయిందనుకోండి, వచ్చే నీళ్ళు తక్కువైనా చెరువు నిండుతుంది కదా. మీ ఒంట్లోంచి మందు నెమ్మదిగా పోతుంది, అందుకే సగం వేసినా రక్తంలో మందు సరిపడా ఉంటుంది” అన్నారు డాక్టరు గారు. వ్యవసాయం చేసిన మనిషి కాబట్టి నాన్నకి వెంటనే అర్థమైంది.

మొదటి సైకిల్లో, అంటే మొదటి మూడు వారాల విడతలో, రోజూ నోట్లో టార్చి వేసి చూసేదాన్ని. విరేచనాలు ఎన్నిసార్లయ్యాయో క్యాలెండర్ మీద రాసేదాన్ని. పుళ్ళు రాలేదు, కణాల సంఖ్య నిలబడింది. దాంతో తర్వాతి సైకిల్ నుంచి పూటకి రెండేసి మాత్రలు చేశారు. ఆక్సాలిప్లాటిన్‌కి ఈ జీన్‌తో సంబంధం లేదు, అది పూర్తి మోతాదే ఇచ్చారు. చల్లటి నీళ్ళు తగిలితే చాలు, వేళ్ళు జివ్వుమనేవి.

కీమో వార్డులో పక్క బెడ్ వాళ్ళు తమకూ జీన్ టెస్ట్ అయిందన్నారు, కానీ వాళ్ళది కేరాస్. అది గడ్డలోని జీన్. ఇతర అవయవాలకు పాకిన జబ్బులో, కేరాస్‌లో మార్పు ఉంటే సెటుక్సిమాబ్ అనే మందు పనిచేయదు కాబట్టి ముందే చూస్తారు. నాన్నది పుట్టుకతో వచ్చినది, రక్తంలోనే తెలుస్తుంది. అందుకే బాబాయికీ, అత్తయ్యకీ కూడా చెప్పాం. రొమ్ము క్యాన్సర్‌లో, కడుపు క్యాన్సర్‌లో కూడా కాపెసిటాబిన్, 5-ఎఫ్‌యూ వాడతారు. ఈ జీన్ తేడా నాకు వచ్చే అవకాశం సగానికి సగం. ఎప్పుడైనా ఈ మందు అవసరమైతే ముందు పరీక్ష చేయించుకోమన్నారు.

నాన్న కీమో పూర్తయింది. ఇప్పుడు మూడు నెలలకోసారి, జబ్బు తిరగబెట్టిందేమో చూసే సీఈఏ రక్తపరీక్షకు వెళ్తున్నాం. ఇంతవరకూ అన్నీ నార్మల్.