వెర్నాజాలో బస, వొలాస్త్రా మీదుగా నడక

ఇటలీ వాయవ్య తీరంలో, లిగూరియా ప్రాంతంలో చింక్వే తెర్రే అని ఐదు ఊళ్లున్నాయి: మోంతెరోస్సో, వెర్నాజా, కోర్నీలియా, మనరోలా, రియోమజ్జోరే. వచ్చే మే నెలలో మా ఆవిడా నేనూ అక్కడికి వెళ్తున్నాం. మ్యూనిక్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి ఎలాగూ ప్రయాణం కట్టాం, అక్కడి నుంచి ఇటలీ దూరమేమీ కాదు. ఈ ఊళ్ల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. కొండ అంచున గులాబి, పసుపు రంగుల ఇళ్లు, కింద సముద్రం. నాకు మాత్రం ఆ ఇళ్ల వెనక కొండను పట్టి నిలిపిన రాతి గోడలను చూడాలని ఉంది.

నా ఉద్యోగమంతా నీటిపారుదల శాఖలో, గోదావరి గట్ల మీద గడిచింది. మట్టిని ఆపే గోడ కట్టేటప్పుడు మాకు మట్టి కంటే దాని వెనక చేరే నీటి గురించే ఎక్కువ బెంగ. అందుకే సిమెంటు గోడలో నీరు బయటికి పోవడానికి వీప్ హోల్స్ అనే చిన్న రంధ్రాలు వదులుతాం. చింక్వే తెర్రే రైతులు దాదాపు వెయ్యేళ్లుగా కడుతున్న గోడల్లో సున్నమూ సిమెంటూ ఉండవు. రాయి మీద రాయి పేర్చి, సందుల్లో చిన్న రాళ్లు బిగించి, గోడ వెనక రాతి ముక్కలు నింపుతారు. వాన నీరు గోడ పొడవునా సందుల్లోంచి తనంతట తానే కారిపోతుంది. నిలబడటమే కష్టమైన వాలులో ఇలా వేల కిలోమీటర్ల గోడలు కట్టి, మెట్లు మెట్లుగా చేలు చేసి ద్రాక్ష పండించారు. 1997లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2018లో ఇటలీతో పాటు మరికొన్ని ఐరోపా దేశాల రాతి గోడల విద్యకు కూడా విడిగా గుర్తింపు ఇచ్చింది.

ఈ గోడకు ఏటా మనిషి చెయ్యి పడాలి. ఒక రాయి జారితే దాని చుట్టూ గోడ ఉబ్బుతుంది, పట్టించుకోకపోతే ఒక వానకు కూలుతుంది. యువతరం పట్నాల పని బాట పట్టాక చాలా చేలు బీడుపడ్డాయి, గోడలు దిక్కులేనివయ్యాయి. 2011 అక్టోబర్ 25న కురిసిన కుంభవృష్టికి కొండలు జారి మోంతెరోస్సో, వెర్నాజా బురదలో కూరుకుపోయాయి. వెర్నాజాలో ముగ్గురు చనిపోయారు. ఆ ఊళ్లో వాగును ఎప్పుడో కప్పేసి దాని మీదే ప్రధాన వీధి వేశారు. ఆ రోజు వాగు కప్పును బద్దలు కొట్టుకుని వీధిలోకి వచ్చింది. ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. గట్టు తెగిన ఊరును చూసినవాడికి ఇలాంటి కబురు వేరే దేశానిదిగా అనిపించదు.

అందుకే బస వెర్నాజాలోనే పెట్టుకున్నాం. పక్కనున్న లెవాంతో పట్టణంలోనో, లా స్పెజియాలోనో ఉంటే గదులు చవక, వాటికి పెద్దగా ఎక్కనక్కరలేదు కూడా. కానీ ఉదయం రైళ్లలో దిగి సాయంత్రానికి వెళ్లిపోయే జనం మధ్య ఊరును చూడటం నాకు ఇష్టం లేదు. గది వెతికేటప్పుడు నేను అందరినీ అడిగింది ఒకటే: స్టేషన్ నుంచి గది తలుపు దాకా మెట్లెన్ని? ఫొటోలో సముద్రం ఎంత బాగా కనిపిస్తే మెట్లు అంత ఎక్కువని అర్థం చేసుకోండి. పెట్టెలు మోయాల్సింది మనమే.

వసంతంలోనే ఎందుకంటే, అప్పుడు ద్రాక్ష తీగలు చిగురు వేస్తుంటాయి, ఆకు గుబురెక్కదు, గోడలు స్పష్టంగా కనిపిస్తాయి. జూలై, ఆగస్టులలో ఎండా జనమూ రెండూ ఎక్కువే. అయితే వసంతంలో కూడా తేదీలు చూసుకోవాలి. ఈస్టర్ వారం, ఏప్రిల్ 25 విమోచన దినం, మే 1 సెలవు, వీటి చుట్టుపక్కల ఇటలీ వాళ్లే కుటుంబాలతో తరలివస్తారు. మేము అవన్నీ దాటాక, శని ఆదివారాలు తగలకుండా పెట్టుకున్నాం. వాన భయం ఎటూ ఉంటుంది. వాతావరణ హెచ్చరిక జారీ అయితే కాలిబాటలు మూసేస్తారు కనుక నడక ఏ రోజన్నది ముందే ఖరారు చేయలేదు.

వీసా గురించి ఒక మాట. షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల్లో, ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. మా మకాం ఎక్కువగా అమ్మాయి ఇంట్లోనే కనుక మాది జర్మనీ వీసా, దానితోనే ఇటలీ తిరగవచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

ఊళ్ల మధ్య తిరగడానికి రైలే దిక్కు. జెనోవా, లా స్పెజియాల మధ్య రైలు మార్గం 1874లో పూర్తయింది. అంతకుముందు ఈ ఊళ్లకు పడవా, కాలిబాటా తప్ప దారి లేదు. ఇప్పుడు ఒక ఊరి నుంచి తర్వాతి ఊరికి కొన్ని నిమిషాలే, అదీ ఎక్కువగా సొరంగాల్లో. రోజంతా రైలూ కాలిబాటలూ రెండూ కలిసే కార్డు ఉంది, దాని ధర రద్దీని బట్టి మారుతుంది.

రియోమజ్జోరే, మనరోలాల మధ్య ప్రసిద్ధమైన 'ప్రేమ బాట' 2012లో కొండరాళ్లు పడి మూతపడి, 2024లో మళ్లీ తెరుచుకుంది. దానికి సమయం ముందే ఎంచుకుని విడిగా రుసుము కట్టాలి. కిలోమీటరు కూడా ఉండదు, చదునైన దారి. మా ఆవిడకు అది నచ్చింది, తప్పక వెళ్తాం.

భోజనానికి ఆవిడకు ఇబ్బంది లేదు. లిగూరియాలో ఫరినాతా అని ఒకటి చేస్తారు. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి వెడల్పాటి రాగి పళ్లెంలో పల్చగా పోసి, కట్టెల పొయ్యిలో అంచులు కరకరలాడేలా కాలుస్తారు. మన శనగపిండి అట్టుకు దగ్గరి చుట్టమే. పెస్తో పచ్చడి తులసి జాతి ఆకుతో చేసినదే అయినా అందులో పార్మెసాన్ జున్ను పడుతుంది. ఆ జున్ను తోడుకు దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. కఠినంగా శాకాహారం పాటించేవారు ఇది తెలుసుకుని వెళ్లడం మంచిది.

ఇక నా నడక. కోర్నీలియా ఊరు కొండ మీద, స్టేషన్ కింద. మధ్యలో 380 వరకు మెట్లున్నాయి, చిన్న బస్సు కూడా ఉంది. అక్కడి నుంచి మనరోలాకు తీరం వెంట వెళ్లే బాట చాలా ఏళ్ల క్రితమే మూతపడింది. దానికి బదులు పైకి ఎక్కి, ద్రాక్ష చేల మధ్య నుంచి వొలాస్త్రా అనే పల్లెకు వెళ్లి, అక్కడి నుంచి మనరోలాకు దిగవచ్చు. ఇరుకైన బాట, ఒక పక్క గోడ, మరో పక్క లోయ. గోడ అడుగున ఎంత పెద్ద రాళ్లు వేశారు, గోడను కొండవైపు ఎంత వాల్చారు, ఇవన్నీ చేత్తో తాకి చూడగలిగే దారి అదే. వొలాస్త్రా నుంచి దిగువకు నిటారైన మెట్లు కనుక ఆవిడ మోకాళ్లు ఒప్పుకోకపోతే అక్కడి నుంచి మనరోలాకు బస్సులో వచ్చేస్తుంది. నేను నడిచి దిగుతాను. ఎంత ఆలస్యమైనా కంగారుపడవద్దని ఇప్పుడే చెప్పి ఉంచాను.