అన్ని సబ్జెక్టులూ పాసయ్యాక డిగ్రీని ఆపే పరీక్ష

అమెరికాలో బీఎస్‌ఎన్, అంటే నర్సింగ్ డిగ్రీ చదువుతున్న మన పిల్లల్లో, పెళ్ళయి వెళ్ళాక అక్కడ రెండో డిగ్రీగా నర్సింగ్‌లో చేరినవాళ్ళలో చాలామందికి ఎగ్జిట్ పరీక్ష సంగతి చివరి సెమిస్టర్‌లో గానీ తెలియదు. థియరీ, క్లినికల్స్ అన్నీ పాసై ఉంటారు. అయినా ఈ ఒక్క పరీక్షలో కాలేజీ పెట్టిన స్కోరు రాకపోతే డిగ్రీ ఇవ్వరు. ఇక్కడ ఎన్టీఆర్ యూనివర్సిటీలోనో, కాళోజీ యూనివర్సిటీలోనో ఫైనలియర్ గట్టెక్కితే డిగ్రీ వచ్చేస్తుంది, దాంతో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదవుతుంది. అక్కడ డిగ్రీ తర్వాత లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్ రాయాలి. దానికంటే ముందు కాలేజీ తనంతట తాను పట్టుకున్న జల్లెడ ఈ ఎగ్జిట్ పరీక్ష.

ఎక్కువగా కనిపించేవి రెండు. ఎల్సెవియర్ వాళ్ళ హెసీ ఎగ్జిట్‌లో చాలా కాలేజీలు 850 స్కోరు అడుగుతాయి, కొన్ని 900 దాకా వెళ్తాయి. ఇది నూటికి ఇన్ని అనే మార్కు కాదు, వెయ్యి దాటి కూడా రావచ్చు. రెండోది ఏటీఐ వాళ్ళ కాంప్రహెన్సివ్ ప్రెడిక్టర్. మొదటిసారే ఎన్‌క్లెక్స్ పాసయ్యే అవకాశం ఎంతో ఇది శాతంలో చెబుతుంది. మీకు వచ్చిన మార్కుల శాతం వేరు, ఈ అవకాశం శాతం వేరు. రిపోర్టు చూసి ఈ రెండింటినీ కలిపేసుకుని బెంబేలెత్తేవాళ్ళు చాలామంది.

కాలేజీలు దీన్ని ఎందుకు పెడతాయంటే, తమ విద్యార్థుల్లో మొదటి ప్రయత్నంలోనే ఎన్‌క్లెక్స్ పాసైనవాళ్ళు ఎంతమందో నర్సింగ్ బోర్డులు, అక్రెడిటేషన్ సంస్థలు లెక్క చూస్తాయి. చాలాచోట్ల గీత 80 శాతం. అది దాటకపోతే ముందు హెచ్చరిక, తర్వాత గుర్తింపుకే ముప్పు. అమెరికాలో చదివిన ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) అభ్యర్థుల్లో మొదటిసారి పాసైనవాళ్ళ శాతం 2022లో దేశం మొత్తం మీదే 80 దగ్గరికి పడిపోయింది. 2023 ఏప్రిల్‌లో కొత్త తరహా ఎన్‌క్లెక్స్ మొదలయ్యాక పెరిగి, 2024లో 91కి చేరింది. కాబట్టి కాలేజీల భయాన్ని కొట్టిపారేయలేం. అయితే ఆ భయానికి మూల్యం కట్టేది విద్యార్థి.

ఈ పరీక్షల బలహీనత ఒకటుంది. మంచి స్కోరు వచ్చినవాళ్ళు ఎన్‌క్లెక్స్ పాసవుతారని చెప్పడంలో ఇవి బాగానే పనిచేస్తాయి. తక్కువ వచ్చినవాళ్ళు తప్పుతారని చెప్పడంలో మాత్రం బాగా తడబడతాయి. ఊహకు ఒక లెక్క వేద్దాం. క్లాసులో వందమంది, వాళ్ళలో 90 మంది ఎన్‌క్లెక్స్ పాసయ్యేవాళ్ళే అనుకోండి. తప్పబోయే పదిమందిలో ఎనిమిదిమందిని ఎగ్జిట్ పరీక్ష పట్టుకుంది. పాసయ్యేవాళ్ళలో అయిదుగురికి ఒకరిని పొరపాటుగా ఆపింది. అంటే 18 మంది. మొత్తం ఆగింది 26 మంది, అందులో 18 మంది నిష్కారణంగా ఆగినవాళ్ళే. పరీక్ష ఎంత జాగ్రత్తగా తయారు చేసినా, ఎక్కువమంది పాసయ్యే క్లాసులో ఈ లెక్క ఇలాగే తిరగబడుతుంది. అక్కడి నర్సింగ్ అధ్యాపకుల సంస్థ నేషనల్ లీగ్ ఫర్ నర్సింగ్ కూడా ఒక్క పరీక్షను పట్టుకుని విద్యార్థి భవిష్యత్తు తేల్చవద్దని చాలాకాలంగా చెబుతోంది. ఎక్కడ బలహీనంగా ఉన్నారో చూపడానికి ఈ పరీక్ష ఎంతో మంచిది, డిగ్రీ ఆపడానికి కాదు అన్నదే నా గట్టి అభిప్రాయం.

డిగ్రీ ఎలా ఆగుతుందో తెలిస్తే ఎక్కడ అడగాలో తెలుస్తుంది. సాధారణంగా ఎగ్జిట్ స్కోరును క్యాప్‌స్టోన్ కోర్సులో, అంటే చదువు చివర్లో వచ్చే ముగింపు కోర్సులో, కలుపుతారు. స్కోరు రాకపోతే ఆ కోర్సు ఇన్‌కంప్లీట్‌గానో ఫెయిల్‌గానో పడుతుంది. చదువు పూర్తయిందని నర్సింగ్ బోర్డుకు కాలేజీ ధ్రువీకరించదు. బోర్డు అర్హత ఇవ్వనిదే పరీక్షకు అనుమతి పత్రం, అంటే ఏటీటీ, రాదు. అది లేకుండా ఎన్‌క్లెక్స్ నిర్వహించే పియర్సన్ వ్యూలో తేదీ దొరకదు. ఒప్పుకున్న ఉద్యోగం చేరే తేదీ ఈలోగా దాటిపోతుంది.

అందుకే చేరిన మొదటి వారంలోనే స్టూడెంట్ హ్యాండ్‌బుక్ తీసి ఈ సంగతులు వెతకండి: ఏ పరీక్ష, ఎంత స్కోరు, ఎన్ని ప్రయత్నాలు, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య ఎన్ని వారాలు, కోర్సు గ్రేడులో దాని వాటా ఎంత, తప్పితే మళ్ళీ ఫీజు కట్టాలా. మీరు చేరిన ఏడాది హ్యాండ్‌బుక్ కాపీ దాచుకోండి. మధ్యలో స్కోరు పెంచితే, చేరినప్పటి నిబంధన చూపించి ఈమెయిల్‌లో అడగవచ్చు. నోటిమాటగా అడిగితే రేపు చూపించడానికి ఏమీ ఉండదు. గ్రేడు మీద అప్పీలుకు గడువు చాలా తక్కువ ఉంటుంది, ఫలితం వచ్చిన రోజే ఆ తేదీ చూసుకోండి.

ఇక చదువు. మొదటి ప్రయత్నం రిపోర్టులో సబ్జెక్టులవారీ స్కోర్లుంటాయి. అన్నిటికన్నా తక్కువ వచ్చిన మూడింటిని తీసుకుని ఒక్కోదానికి ఒక్కో వారం ఇవ్వండి. రోజుకు 50 ప్రశ్నలు చాలు, వివరణలు మాత్రం ఒప్పు చేసినవాటికి కూడా చదవాలి. తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కన కారణం రాయండి: విషయం తెలియకా, ప్రశ్న సరిగ్గా చదవకా, రెండు జవాబుల మధ్య ఊగిసలాడా, ఒప్పు జవాబును మార్చేసా. వారం తిరిగేసరికి మీ జబ్బేమిటో మీకే కనిపిస్తుంది. విషయం తెలియనివాళ్ళు పుస్తకం తెరవాలి, ఊగిసలాడేవాళ్ళకు ప్రశ్నలే మందు. వేల ప్రశ్నలు చేసీ స్కోరు కదలనివాళ్ళు చాలావరకు ఈ తేడా చూడనివాళ్ళే. బయట అమ్మే లీకు ప్రశ్నల జోలికి పోకండి. రెండోసారి వేరే వెర్షన్ వస్తుంది, పట్టుబడితే కాలేజీ నుంచే పంపేస్తారు.

మోతాదు లెక్కల్లో మార్కులు పోయేది తెలివి తక్కువై కాదు, మధ్యలో అంకెలను సవరించడం (రౌండ్ చేయడం) వల్ల. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ గంటకు కిలోకు 18 యూనిట్లు ఎక్కించాలి, పేషెంట్ బరువు 154 పౌండ్లు, బ్యాగులో 250 మిల్లీలీటర్లకు 25,000 యూనిట్లు అనుకోండి. 154ను 2.2తో భాగిస్తే 70 కిలోలు. గంటకు 1,260 యూనిట్లు. మిల్లీలీటరుకు 100 యూనిట్లు కాబట్టి పంపు గంటకు 12.6 మిల్లీలీటర్ల మీద పెట్టాలి. బరువు ఇలా సరిగ్గా భాగం పోనప్పుడే చిక్కు. చివరి మెట్టు దాకా అంకెను సవరించకండి, చివర్లో ప్రశ్న చెప్పినట్టే సవరించండి.

ఇండియాలో జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా చేసి వెళ్ళి అక్కడ మళ్ళీ చదువుతున్నవాళ్ళకు అసలు దెబ్బ తగిలేది డెలిగేషన్‌లో, అంటే ఏ పని ఎవరికి అప్పగించాలనే ప్రశ్నల్లో. మన వార్డుల్లో పనులు పంచుకునే పద్ధతి వేరు. అక్కడ అసెస్‌మెంట్, బోధన, నిర్ణయం ఆర్‌ఎన్ చేతిలోనే ఉండాలి. నిలకడగా ఉన్న పేషెంటుకు స్నానం, నడిపించడం, వైటల్స్ చూడటం సహాయకులకు ఇవ్వవచ్చు. థైరాయిడ్ ఆపరేషన్ అయి నోటి చుట్టూ తిమ్మిరి అంటున్న పేషెంటును ఇవ్వకూడదు, అది కాల్షియం పడిపోతున్న సూచన. 2023 ఎన్‌క్లెక్స్ ప్రణాళికలో మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్ వాటా 15 నుంచి 21 శాతం, అన్ని విభాగాల్లోకీ ఇదే పెద్దది.

అదనపు సమయం కావలసినవాళ్ళు కాలేజీలో ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. కాలేజీ ఇచ్చిన వెసులుబాటు ఎన్‌క్లెక్స్‌కు దానంతటదే వర్తించదు, బోర్డును విడిగా అడిగి, అనుమతి వచ్చాకే తేదీ తీసుకోవాలి. ఎగ్జిట్ గట్టెక్కినవాళ్ళు ఏటీటీ రాగానే దగ్గర్లో ఉన్న తేదీ పట్టుకోండి. ఏటీటీకి గడువు ఉంటుంది. అది దాటితే ఫీజు 200 డాలర్లు మళ్ళీ కట్టాలి.