తెరచాప పడవ మీద సాలీళ్ళు

పరాయి దేశంలో, మెరీనాలో, అంటే పడవలు కట్టేసే రేవులో, తెరచాప పడవలు కడిగే పనికి కుదిరినప్పుడు నా టెన్షనంతా ఉప్పు గురించి, తుప్పు గురించి. సాలీళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి వారంలో ఒక పడవ ఎక్కితే, రైలింగ్ తీగల మధ్య, తాళ్ళ మధ్య గూళ్ళే గూళ్ళు. తెల్లటి డెక్ నిండా ఆవగింజంత నల్ల చుక్కలు. అవి సాలీళ్ళ రెట్టలు. ఎండిపోతే ఒక పట్టాన వదలవు. గీకామా, పైనున్న జెల్‌కోట్ అనే నున్నటి పూత మీద గీతలు పడతాయి. తడిగుడ్డ పరిచి బాగా నాననిచ్చి, సబ్బునీళ్ళతో మెల్లగా తుడవాలి.

ఇదంతా తర్వాత నేర్చుకున్నదే. ఆ రోజు మాత్రం పురుగుల మందు డబ్బా తీశాను. మా సీనియర్‌ది ఇంకో దేశం, ఒకరి భాష ఒకరికి రాదు. నా చేతిలో డబ్బా లాక్కుని, డెక్ నీళ్ళు పోయే రంధ్రం చూపించాడు. తర్వాత కింద నీళ్ళలో తిరుగుతున్న చేపపిల్లల్ని చూపించాడు. అంతే, అర్థమైంది. అలాంటి మందుల్లో ఎక్కువగా ఉండే పైరెత్రాయిడ్లు అనే రసాయనాలు చేపలకు విషం.

మరి ఏం చెయ్యాలి? జవాబు ఒక రాత్రి డ్యూటీలో దొరికింది. డెక్ లైటు చుట్టూ సన్న పురుగులు ముసురుకున్నాయి. గూడు నడుమ ఒక సాలీడు తలకిందులుగా వేలాడుతూ, కాళ్ళు పోగుల మీద ఆనించి ఉంది. పోగు కదిలిందో లేదో ఉరికి, పురుగును తిప్పుతూ దారం చుట్టేసింది. లైటు కోసం పురుగులు, పురుగుల కోసం సాలీళ్ళు! మర్నాటి నుంచి అక్కర్లేని లైట్లు ఆర్పేశాం, తప్పనిచోట తెల్లవి తీసి పసుపువి పెట్టాం. పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గాయి.

అసలు పని గుడ్ల సంచులతో. తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డకర్ర బూమ్ అడుగున, తెరచాప కవర్ మడతల్లో, పడవ పక్కలు రాసుకోకుండా వేలాడదీసే మెత్తటి ఫెండర్ల వెనక దూదిపింజల్లా అతుక్కుని ఉంటాయి. ఒక్కటి వదిలేసినా వందల పిల్లలు బయటికి రావచ్చు. అందుకే మెత్తని బ్రష్‌తో పైనుంచి కిందికి, ఏ మడతా వదలకుండా దులుపుతాను. తెరచాప ఎత్తే ముందు మరోసారి చూస్తాను, మడతలో నలిగిన సాలీడు గుడ్డ మీద మరక వదులుతుంది.

పెద్ద సాలీడు కనిపిస్తే గాజు గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క జారుస్తాను. మెరీనా చివర గడ్డిలో వదిలి వస్తాను. పక్క పడవ మీద వదిలితే, రేపు దాన్ని కడగాల్సిందీ నేనే.